బేస్ గిటార్ ఎలా నేర్చుకోవాలి: చెవితోనా, చర్చిలోనా, సార్ దగ్గరా, యూట్యూబ్‌లోనా

వారానికి ఒక్కళ్ళైనా అడుగుతుంటారు నన్ను, అన్నా బేస్ నేర్చుకోవాలనుంది, సార్ దగ్గర చేరాలా, యూట్యూబ్ చూసుకుంటే సరిపోతుందా అని. నేను తిరిగి ఒకటే అడుగుతా, పాటలు దేంట్లో వింటావు అని. ఫోన్ స్పీకర్‌లో అంటే మాత్రం గిటార్ సంగతి తర్వాత, ముందు ఒక మంచి వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనుక్కో అంటా. బేస్‌లో లావు తీగని ఊరికే మీటితే వచ్చే శబ్దం సెకనుకి సుమారు 41 కంపనాలు, అంత కిందున్న శబ్దాన్ని ఫోన్‌లో ఉండే చిటికెడు స్పీకర్ పలికించలేదు, మరి వినపడనిదాన్ని ఎలా నేర్చుకుంటాం. వైరుదే ఎందుకంటే రేపు మీ బేస్‌ని కూడా అందులోంచే వినాల్సి వస్తుంది, బ్లూటూత్‌లో శబ్దం కాస్త లేటుగా చెవిలో పడుతుంది, ఆ కాస్త చాలు తాళం చెడగొట్టడానికి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చిన్నప్పట్నుంచీ తెలిసిన పాటలే ఓ పది వినండి, ముఖ్యంగా ఇళయరాజా గారివి. ఆయన పాటల్లో బేస్ ఒక మూల కూర్చుని తాళం వేసేది కాదు, పాడేవాళ్ళ పక్కనే ఇంకో పాట పాడుకుంటూ వెళ్తుంది, ఆయన దగ్గర ఏళ్ళ తరబడి బేస్ వాయించింది శశిధరన్ గారు. ఇన్నేళ్ళూ ఈ పాటలో ఇదంతా ఉందా అనిపించిందా, అయితే మీరు నేర్చుకోవడం మొదలైపోయినట్టే.

ఇంక దారుల సంగతి. నేను చూసినంతలో బేస్ నేర్చుకున్నవాళ్ళు ఓ అయిదారు దారుల్లో వచ్చారు, ప్రతి దారిలోనూ గొప్ప ప్లేయర్లు తేలారు, అలాగే ప్రతి దారీ మన చేతిలో ఒక గుంట, అంటే ఒక లోటు, వదిలేస్తుంది. చెవితో నేర్చుకున్నవాడికి ఒకచోట, పుస్తకంతో నేర్చుకున్నవాడికి ఇంకోచోట. ఏ దారి మంచిది అని కాదు, మన దారిలో గుంట ఎక్కడుందో ముందే తెలిస్తే పూడ్చుకుంటూ వెళ్ళొచ్చు. నాకది ఆరేళ్ళకి గానీ తెలీలేదు, ఆ ముచ్చట కింద చెప్తా.

ఏ దారైనా అందరికీ కావాల్సిన కొంచెం సరంజామా ముందు చెప్పేస్తా. బేస్‌కి నాలుగు తీగలు, లావు దాన్నుంచి సన్నదానికి వరసగా ఈ, ఏ, డీ, జీ. లావుది నాలుగో తీగ, సన్నది మొదటి తీగ. ఒక తీగకీ దాని పక్క తీగకీ ఎంత దూరమంటే స నుంచి శుద్ధ మధ్యమం ఎంతో అంత, నాలుగు తీగల మధ్యా అదే దూరం. మామూలు గిటార్‌లో ఇలా ఉండదు, మూడో తీగకీ రెండో తీగకీ మధ్య లెక్క మారిపోతుంది. బేస్‌లో మారదు కాబట్టి ఒకచోట నేర్చుకున్న వేళ్ళ వరసని ఎక్కడికి జరిపినా పనిచేస్తుంది, అసలు బేస్‌లో ఉన్న పెద్ద వరం ఇదే.

సంగీతం క్లాసుకెళ్ళినవాళ్ళకి ఇది ఇంకా ఈజీ. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ, తల వైపు నుంచి లెక్కపెట్టాలి. నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర మధ్యవేలు పెట్టండి, అది జీ, దాన్నే మన స అనుకోండి. అదే తీగ మీద అయిదో ఫ్రెట్ చిటికెనవేలితో రి. మూడో తీగకి వచ్చి రెండో ఫ్రెట్ చూపుడువేలితో గ, మూడో ఫ్రెట్ మధ్యవేలితో మ, అయిదో ఫ్రెట్ చిటికెనవేలితో ప. రెండో తీగకి వచ్చి రెండో ఫ్రెట్ చూపుడువేలితో ద, నాలుగో ఫ్రెట్ ఉంగరంవేలితో ని, అయిదో ఫ్రెట్ చిటికెనవేలితో పై స. అంతే, శంకరాభరణం వచ్చేసింది, వెస్టర్న్‌లో మేజర్ స్కేల్ అనేది ఇదే. సరళీ స్వరాలు ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు మాయామాళవగౌళకి మార్చుకోవాలంటే రి నాలుగో ఫ్రెట్‌కి వస్తుంది, ద మూడో తీగ మీద ఆరో ఫ్రెట్‌కి వెళ్తుంది, మిగతావన్నీ అక్కడే. జంట స్వరాలు, దాటు స్వరాలు కూడా బేస్ మీద వాయించి చూడండి, ఏ స్కేల్ ఎక్సర్‌సైజ్ పుస్తకం కన్నా తక్కువ కాదు.

ఈ ఎనిమిదింట్లో మొదటి ఆర్నెల్లు మీకు అన్నం పెట్టేవి మూడే, స, ప, పై స. స ఎక్కడుంటే పక్క సన్న తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకి ప, ఇంకో తీగ దాటితే అదే ఫ్రెట్‌లో పై స. కళ్ళు మూసుకుని ఈ మూడూ పడాలి, లావు తీగ మీద ఎక్కడ వేలు పెట్టినా సరే.

చేతి విషయం. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, గిటార్ కన్నా బాగా ఎక్కువ, అందుకే మొదటి ఫ్రెట్ల దగ్గర నాలుగు వేళ్ళు నాలుగు ఫ్రెట్లకి సాగదీస్తే చెయ్యి లాగేస్తుంది. బలవంతం చెయ్యకండి. 19వ శతాబ్దంలో వియన్నాలో డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, నేర్పిన ఫ్రాంజ్ సిమాండిల్ పద్ధతి ఒకటుంది, మొదటి ఫ్రెట్లలో చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు ఈ మూడే వాడి మూడు ఫ్రెట్లు మాత్రమే పట్టుకుంటారు, ఉంగరంవేలు చిటికెనవేలికి ఆసరాగా ఉంటుంది. చిన్న చేతులవాళ్ళు, ఆడపిల్లలు, స్కూల్ పిల్లలు నా చెయ్యి దీనికి పనికిరాదేమో అని మానేస్తుంటారు, వాళ్ళకి ఈ పద్ధతి ఎవరైనా ముందే చెప్పుంటే మానేవాళ్ళు కాదు. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు కూడా ఉన్నాయి, అవి కూడా అసలు బేస్‌లే, పిల్లల బొమ్మలు కాదు.

కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టు పడాలి, బొటనవేలు పికప్ మీద, అంటే తీగల కింద వాటి శబ్దాన్ని పట్టే ముక్క మీద, ఆనించాలి. సన్న తీగలకి వెళ్ళినప్పుడు బొటనవేలిని లావు తీగ మీదకి దించండి, లేకపోతే అది తనంతట తనే హుమ్ అంటూ మోగుతూ ఉంటుంది. మీ గదిలో వినపడదు, యాంప్, అంటే శబ్దం పెంచే స్పీకర్ పెట్టె, పెట్టి స్టేజి మీద వాయించిన రోజు హాలంతా వినపడుతుంది. మోగించడం సగం పని, మోగకుండా ఆపడం మిగతా సగం.

ఇప్పుడు మొదటి దారి, చెవి. ఎక్కువమంది వచ్చింది దీన్లోనే. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గురించి బేస్ వాళ్ళందరూ చెప్తారు. ఆయన హైస్కూల్లో డబుల్ బేస్ పట్టుకున్నాడు, క్లబ్బుల్లో జాజ్ వాయించాడు, తర్వాత ఎలక్ట్రిక్ బేస్‌కి వచ్చాక కూడా కుడిచేత్తో ఒక్క చూపుడువేలితోనే అంతా వాయించేసేవాడు. రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేవాళ్ళు కాదు అప్పట్లో, మోటౌన్ పెద్ద ఆల్బం మీద ఆయన పేరు రావడానికి 1971 దాకా పట్టింది. అంటే అప్పటిదాకా ఆ బేస్ విని నేర్చుకున్న కుర్రాళ్ళకి గురువు పేరు కూడా తెలీదు, రికార్డు తిప్పి తిప్పి వినడమే వాళ్ళ క్లాసు.

చెవితో నేర్చుకోవడం ఎలాగో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది గిటార్ పట్టుకుని పాట పెట్టేసి వెతుక్కుంటారు, అది తప్పు. ముందు బేస్ గోడకి ఆనించెయ్యండి. పాట ఓ అయిదుసార్లు వినండి, మిగతా అన్నిటినీ వదిలేసి కింద నడిచేదాన్ని మాత్రమే పట్టుకోండి. తర్వాత దాన్ని నోటితో హమ్ చెయ్యండి, ఊ ఊ అని అయినా సరే, చేత్తో తాళం వేసుకుంటూ, సినిమా పాటలు ఎక్కువ నాలుగు దెబ్బల లెక్కే కాబట్టి ఆది తాళం హాయిగా సరిపోతుంది. నోట్లోకి రానిది వేళ్ళల్లోకి రాదు. నోటికి వచ్చాక అప్పుడు బేస్ తీసుకుని మొదట ప్రతి నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బ మీద పడే స్వరం ఒక్కటే వెతకండి, పల్లవి మొత్తం అలా ఒక్కొక్క స్వరంతో వాయించేయండి. ఎనభై శాతం పాటలకి ఈపాటికే మీరు పాడేవాడి వెనక నిలబడగలరు అని నా నమ్మకం. మధ్యలో ఉన్న నడకలు ఆ తర్వాత, రోజుకి రెండు మూడు సెకన్ల ముక్క చొప్పున.

ముక్క స్పీడుగా ఉంటే యూట్యూబ్‌లో స్పీడ్ 0.75కో 0.5కో తగ్గించుకోండి. బేస్ మరీ కింద ఉండి ఏ స్వరమో తేలట్లేదంటే ఆడాసిటీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పాటని ఒక స్థాయి పైకి జరపండి, గొంతులు చిన్నపిల్లల్లాగా అయిపోతాయి గానీ బేస్ మామూలు గిటార్ ఎత్తుకి వచ్చి స్పష్టంగా వినపడుతుంది. ఇది పాత చిట్కా, ఇప్పటికీ నేను వాడతా. ఇప్పుడైతే పాటలోంచి గొంతు, డ్రమ్స్, బేస్ విడివిడిగా తీసి ఇచ్చేవి వచ్చేశాయి, 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్ అనేదాన్ని ఫ్రీగా వదిలాక ఇలాంటి యాప్‌లు బోలెడు. మంచివే, కానీ నా మాట విని మీరు కష్టపడి వెతికాక సరిచూసుకోవడానికి వాడండి, ముందే విడదీసిన బేస్ వింటే గుంపులో గొంతు పట్టుకోవడం చెవికి ఎప్పటికీ రాదు. స్టేజి మీద మీకు ఎవరూ విడదీసి ఇవ్వరు కదా.

ఈ దారిలో గుంట ఏంటంటే వాయించేది పేరు తెలీకుండా వాయించేస్తాం. పక్కవాడు సీ షార్ప్ మైనర్ అంటే బుర్ర ఖాళీ అవుతుంది, చూపిస్తే ఠక్కున వాయిస్తాం. దీనికి మందు చాలా చిన్నది. వాయించే ప్రతి స్వరం పేరు పైకి అంటూ వాయించడం, రోజుకి అయిదు నిమిషాలు, నెల రోజులు.

రెండో దారి నాది, చర్చి. ఆంధ్రా తెలంగాణల్లో ఏ ఊళ్ళో అయినా బేస్ వాయించే కుర్రాళ్ళని పట్టుకుని అడగండి, చాలామంది ఆదివారం ఆరాధనలోనే మొదలుపెట్టుంటారు. మాది గోదావరి జిల్లాల్లో చిన్న సంఘం. బేస్ వాయించే అన్నయ్య ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే క్రిస్మస్ ఇంకా ఆరు వారాలుందనగా బేస్ నా మెడలో వేశారు. నేర్పింది కీబోర్డ్ వాయించే తమ్ముడు, వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. ఎడమచెయ్యి పైకెత్తి వేళ్ళు చూపించేవాడు, ఒక వేలు అంటే ఒకటి, నాలుగు వేళ్ళు అంటే నాలుగు, అలా. ఆ అంకెల పద్ధతికి పెద్ద చరిత్రే ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అమెరికాలో నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలో పాడే నీల్ మాథ్యూస్ మొదలుపెట్టింది అది, కార్డ్ పేర్ల బదులు, కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలు, అంకెలు రాసుకుంటే పాడేవాళ్ళు శృతి మార్చినా కాగితం మార్చక్కర్లేదు అని.

మన వేళ్ళ వరసలో ఈ అంకెలు ఎక్కడున్నాయో చూడండి. ఒకటి అంటే స. నాలుగు అంటే మ, పక్క సన్న తీగ మీద అదే ఫ్రెట్. అయిదు అంటే ప, దానికి రెండు ఫ్రెట్లు ముందు. ఆరు అంటే ద, కానీ బేస్‌లో ఎక్కువగా కింది ద వాడతాం, అది స నుంచి అదే తీగ మీద మూడు ఫ్రెట్లు వెనక్కి, జీలో అయితే ఊరికే వదిలేసిన లావు తీగే. ఒకటి, అయిదు, ఆరు, నాలుగు, ఈ వరస మీద ఎన్ని పాటలు నిలబడి ఉన్నాయో లెక్కలేదు. ఆరోది మైనర్ అవుతుంది, కానీ బేస్‌లో మనం ఒక్కో స్వరమే వాయిస్తాం కాబట్టి మొదట్లో ఆ సంగతి మీకు అడ్డం రాదు. పాడే అక్క ఈ రోజు గొంతు బాలేదు ఒకటి తగ్గించండి అందనుకోండి, చెయ్యి మొత్తం ఒక ఫ్రెట్ వెనక్కి జరుగుతుంది, అంతే. గిటార్ వాళ్ళు కాపో, అంటే శృతి మార్చడానికి మెడకి బిగించే క్లిప్, వెతుక్కునేలోపు మనం రెడీ. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఊరికే వదిలేసిన తీగలు వాడే పాటల్లో మాత్రం ఇలా జరపడం కుదరదు, అందుకే అదే స్వరాన్ని పక్క తీగ మీద ఫ్రెట్‌లో కూడా ఎక్కడుందో వెతికి పెట్టుకోవాలి.

చర్చి గానీ ఆర్కెస్ట్రా గానీ ఇచ్చే పెద్ద లాభం మనుషులు. తప్పు వాయిస్తే పాట ఆగదు, మనమే పరిగెత్తి అందుకోవాలి, ఇది గదిలో కూర్చుని పదేళ్ళు ప్రాక్టీస్ చేసినా రాదు. నేను తర్వాత పెళ్ళిళ్ళకీ పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో కూడా వాయించా, అక్కడ ఇంకో రకం బడి. సినిమా పాటలో అసలు బేస్ ఎలా ఉందో అలాగే పడాలి, మొదటి వరసలో కూర్చున్న పెద్దాయన పాట మొత్తం నోటికి తెలిసినవాడు, ఎక్కడ తేడా వచ్చినా తల తిప్పి చూస్తాడు. ఒక రాత్రికి ముప్పై పాటలు, అందులో సగం అప్పటికప్పుడు అడిగినవి. ఆ రెండేళ్ళలో నా చెవికి వచ్చిన బలం ఇంకెక్కడా రాలేదు.

మరి గుంట? హైదరాబాద్ వచ్చాక ఒకసారి ఒక చిన్న స్టూడియోలో రికార్డింగ్‌కి పిలిచారు. వెళ్ళి కూర్చోగానే ముందు స్టాండ్ మీద స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద వెస్టర్న్ పద్ధతిలో స్వరాలు రాసిన కాగితం పెట్టారు. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకసారి వినిపించండి వాయించేస్తా అన్నాను, టైం లేదన్నారు, ఇంకొకళ్ళని పిలిచి పని పూర్తి చేసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. బస్సులో వస్తూ చాలా బాధపడ్డా, తర్వాతి వారమే ఒక సార్ దగ్గర చేరా. నొటేషన్ అనుకున్నంత భూతం కాదు. బేస్ క్లెఫ్ అంటే కింది స్వరాల కోసం కాగితం మొదట్లో వేసే గుర్తు, అందులో అయిదు గీతలు కింద నుంచి జీ, బీ, డీ, ఎఫ్, ఏ, గీతల మధ్య ఖాళీలు ఏ, సీ, ఈ, జీ. రాసినదానికన్నా మన బేస్ ఒక స్థాయి కింద పలుకుతుంది, అది గుర్తుంచుకుంటే చాలు. స్వరాలు పట్టుకోవడం రెండు వారాల పని, అసలు కష్టం కాలం చదవడం, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది. చప్పట్లు కొడుతూ ముందు దాన్ని మాత్రమే చదవండి, స్వరాలు తర్వాత. రోజూ పది నిమిషాలు చేసి ఎనిమిది నెలలకి నేను మామూలు పాట కాగితం చూసి వాయించేదాకా వచ్చా, చిన్నప్పుడే మొదలుపెడితే ఇంకా తొందరగా వస్తుంది.

సార్ దగ్గర చేరేవాళ్ళకి ఒక మాట. మన ఊళ్ళల్లో చాలా చోట్ల గిటార్ సారే బేస్ కూడా చెప్తారు. నా స్నేహితుడు ఒకడు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల ఫీజు కట్టేశాడు, మూడు నెలలూ బేస్ మీద గిటార్ కార్డ్స్ పట్టించారు, ఒక్క రోజు కూడా మెట్రోనోమ్, అంటే టిక్ టిక్ అని తాళం వేసేది, పెట్టలేదు, కుడిచెయ్యి సంగతే ఎత్తలేదు. వాడు బేస్ అంటేనే విరక్తి పుట్టి అమ్మేశాడు. కాబట్టి చేరేముందు ఒక డెమో క్లాసు అడగండి, ఆయన బేస్ పట్టుకుని ఒక పాట మొదటి నుంచి చివరిదాకా వాయించి వినిపించమనండి, తప్పుగా అనుకునే మంచి సార్ ఎవరూ ఉండరు. మీ చేతి వంపు చూసి సరిచేస్తున్నారా, డ్రమ్స్ ట్రాక్ పెట్టి వాయిస్తున్నారా, ఈ రెండూ చూడండి. మణికట్టు తప్పుగా వంగితే నొప్పి వచ్చేది ఏడాది తర్వాత, అప్పటికి అలవాటు గట్టిపడిపోతుంది, వీడియో చూసి మనకి మనం పట్టుకోలేనిది ఇదొక్కటే. ఎవరూ దొరక్కపోతే కనీసం మూడు నాలుగు క్లాసులైనా ఎవరో ఒక మంచి బేస్ ప్లేయర్ దగ్గర కూర్చోండి, చెయ్యి సరిచేయించుకోవడానికి.

గ్రేడ్ పరీక్షలు రాయాలనుకునేవాళ్ళకి రాక్‌స్కూల్, ట్రినిటీ అనే పరీక్షల సంస్థలు రెండిట్లోనూ బేస్ ఉంది, ఎనిమిదో గ్రేడ్ దాకా. పరీక్షలో పాటలు బ్యాకింగ్ ట్రాక్‌తో, అంటే మిగతా వాద్యాలు ముందే రికార్డ్ చేసినదానితో, వాయించాలి, కాబట్టి కాలం బాగుపడుతుంది, చదవడం వస్తుంది, ఇంట్లో అమ్మానాన్నలకి చూపించడానికి ఒక సర్టిఫికెట్ కూడా ఉంటుంది, మన ఇళ్ళల్లో అది చిన్న విషయం కాదు. గుంట ఎక్కడంటే ఏడాదంతా ఆ నాలుగైదు ముక్కలే రుద్దుతారు, అయిదో గ్రేడ్ పాసైన అబ్బాయి పక్కవాడు కొత్త పాట ఎత్తుకుంటే చేతులు కట్టుకుని నిలబడతాడు. నెలకి ఒక పాట చెవితో నేర్చుకోవాలి అని మీకు మీరే రూల్ పెట్టుకోండి.

ఇంకో వాద్యం నుంచి బేస్‌కి వచ్చేవాళ్ళు చాలామంది, ఇదో పెద్ద దారి. పాల్ మెకార్ట్‌నీ గిటారే వాయించేవాడు, 1961లో బీటిల్స్ బ్యాండ్‌లో బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ మానేస్తే ఎవరో ఒకరు పట్టుకోవాలి కాబట్టి పట్టుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో కేరొల్ కే గారు గిటారిస్టు, 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోతే ఆవిడ కూర్చున్నారు, తర్వాత స్టూడియోల్లో అందరికన్నా ఎక్కువ పిలిచే బేసిస్టుల్లో ఒకరయ్యారు, వేళ్ళతో కాకుండా ప్లెక్ట్రం అనే చిన్న ముక్కతోనే మీటి వాయించేవారు, తర్వాత వాళ్ళకి వీళ్ళకి నేర్పుతూ పాఠాల పుస్తకాలు కూడా రాశారు. పేరున్న బేసిస్టు జాకో పాస్టోరియస్ మొదట డ్రమ్మర్, మణికట్టు దెబ్బతిని డ్రమ్స్ వదిలి బేస్‌కి వచ్చాడు. లారీ గ్రేహం కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. వాళ్ళమ్మ పియానో వాయిస్తూ పాడేవారు, ఈయన కొన్నాళ్ళకని ఒక బేస్ అద్దెకి తెచ్చుకున్నాడు, ఆ తర్వాత బృందంలో డ్రమ్మర్ లేకుండా పోయాడు. ఆ లోటు పూడ్చడానికి లావు తీగల్ని బొటనవేలితో కొట్టి కాలితో వాయించే కిక్ డ్రమ్ లాగా, సన్న తీగల్ని లాగి వదిలి ఠక్కుమనే స్నేర్ డ్రమ్ లాగా వాయించడం మొదలుపెట్టాడు. ఇవాళ స్లాప్ అని కుర్రాళ్ళు రీల్స్‌లో చూసి మురిసిపోయేది అక్కడ పుట్టింది, డ్రమ్మర్ లేని అవసరం లోంచి. అందుకే స్లాప్ నేర్చుకునేవాళ్ళకి నేను ముందు డ్రమ్ బీట్ నోటితో అనమంటా, డుం తక్ డుండుం తక్ అని, ఆ తర్వాతే తీగ మీద చెయ్యి.

గిటార్ నుంచి వచ్చేవాళ్ళు ఎడమచేత్తో ముందుంటారు, కానీ ఖాళీ కనపడితే నింపేస్తారు. మీకు నా సలహా, నెల రోజులు ఒక కార్డ్‌కి ఒకే స్వరం. తబలా, మృదంగం, డప్పు, ప్యాడ్స్ వాయించేవాళ్ళు మన దగ్గర చాలామంది, మీకు కాలం పుట్టుకతో వచ్చేసింది, స్వరాల దగ్గర భయపడకండి, పైన చెప్పిన స ప స మూడూ పెట్టుకుని మీ నడకలన్నీ వాయించండి, ఎంత బాగుంటుందో మీకే తెలుస్తుంది. కీబోర్డ్ వాళ్ళకి ఎడమచేతిలో బేస్ ఎప్పట్నుంచో ఉంది, వేలు తీగ మీద నొక్కే నొప్పి ఓ మూడు వారాలు ఓర్చుకుంటే చాలు. వీణ వచ్చినవాళ్ళు గమకం కోసం తీగ లాగబోతారు, బేస్ తీగలు లావు కాబట్టి అంత లాగుడు కుదరదు, మీకు ఫ్రెట్లు లేని బేస్ నచ్చుతుంది, కానీ మొదటి ఏడాది ఫ్రెట్లున్నదే పట్టుకోండి.

ఇంట్లోనే నేర్చుకున్నవాళ్ళు కొందరు ఉన్నారు, అది అందరికీ దొరికే అదృష్టం కాదు. అమెరికా బేసిస్టు విక్టర్ వూటెన్ అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు, పెద్దన్నయ్య గిటార్‌లో రెండు తీగలు తీసేసి రెండు మూడేళ్ళ పిల్లాడి చేతిలో పెట్టాడు. మన ముంబై అమ్మాయి మోహినీ డే కూడా మూడేళ్ళ వయసులో బేసిస్టు అయిన నాన్న దగ్గరే మొదలుపెట్టింది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే పాఠం చెప్పకండి, మీరు వాయించేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి చాలు.

యూట్యూబ్, ట్యాబ్, గేమ్‌ల గురించి తొందరగా చెప్పేస్తా. స్టడీబేస్ అని ఒక ఫ్రీ సైట్ ఉంది, వరసగా పాఠాలుంటాయి, ఇంగ్లీష్ చదవగలిగితే అక్కడ మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో సమస్య పాఠాలు లేకపోవడం కాదు, ఎక్కువైపోవడం, ఇవాళ స్లాప్, రేపు జాజ్, ఎల్లుండి కొత్త పెడల్ రివ్యూ. ఒక్క టీచర్‌ని ఎంచుకుని మూడు నెలలు వేరేవాళ్ళ వైపు చూడకండి. ట్యాబ్ అంటే ఏ తీగ మీద ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసేది, మామూలుగా రాసే ట్యాబ్‌లో ఎంతసేపు మోగాలో ఉండదు, పైగా ఎవరో రాసింది కాబట్టి తప్పులు కూడా ఉంటాయి, తెలుగు పాటలకైతే దొరకడమే అరుదు. రాక్‌స్మిత్ లాంటి గేమ్‌లు సరదాగా చెయ్యి కదలడానికి బాగుంటాయి, కానీ స్క్రీన్ ఆపెయ్యగానే పాట మర్చిపోతారు. అందుకే స్క్రీన్ చూసి ఏం నేర్చుకున్నా అదే రోజు స్క్రీన్ ఆపి ఒకసారి వాయించాలి.

ఇప్పుడు ఏ దారివాళ్ళకైనా తప్పనిది, డ్రమ్స్‌తో కలవడం. బేసిస్ట్ పెళ్ళి డ్రమ్మర్‌తో అంటారు మా వాళ్ళు, నిజమే. మెట్రోనోమ్ 60కి పెట్టండి, ఒక్క స్వరం వాయించండి, నాలుగు దెబ్బలు మోగనిచ్చి సరిగ్గా అయిదో దెబ్బ మీద, అంటే కొత్త ఒకటి మీద, ఇంకో స్వరం. పది నిమిషాలు. వినడానికి చాలా తేలిక, కానీ ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే ఎంత ముందుకు తోసుకెళ్తున్నామో తెలుస్తుంది. తర్వాత మూడు దెబ్బలు మోగించి నాలుగో దెబ్బ మీద ఠక్కున ఆపండి. స్వరం ఎక్కడ మొదలవుతుందో అందరూ చూస్తారు, ఎక్కడ ఆగుతుందో బేసిస్టు చూడాలి, స్నేర్ పడే చోట మీ స్వరం ఆగితే ఆ దెబ్బ ఎంత గట్టిగా వినపడుతుందో చూడండి. అది వచ్చాక మెట్రోనోమ్ 30కి తగ్గించి ఆ క్లిక్‌ని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకుని వాయించండి, ఒకటీ మూడూ మీ లోపల ఉండాలి. మొదటి వారం జారిపోతూనే ఉంటారు, అందరికీ అలాగే ఉంటుంది.

అసలు డ్రమ్మర్ దొరికితే ఆయన కుడికాలు చూడండి. కిక్ పడిన చోట మీరు పడాలి. రిహార్సల్‌కి అరగంట ముందు వెళ్ళి మీరిద్దరే, పాట లేకుండా, ఒక్క బీట్ పది నిమిషాలు వాయించండి. నేను ఈ ఒక్క పని పదిహేనేళ్ళుగా చేస్తున్నా, దీనికన్నా ఎక్కువ నేర్పిన సార్ నాకు లేడు. చర్చిలో డ్రమ్మర్ లేక కీబోర్డ్ రిథమ్ మీద వాయించేవాళ్ళు ఆ రిథమ్ ఒక్కటే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంట్లో దాంతో కూర్చోండి.

వస్తువు సంగతి నాలుగు మాటలు. మొదటి బేస్ ఖరీదైనది అక్కర్లేదు, మెడ వంకర లేకుండా, తీగలు మరీ ఎత్తుగా లేకుండా ఉంటే చాలు, షాపులోనే సెటప్ చేయించి తీసుకోండి. యాంప్ కొనలేకపోతే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ సరిపోతుంది, రాత్రి పూట ఇంట్లోవాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు. ఇంట్లో గిటార్ యాంప్ ఉంటే తక్కువ వాల్యూమ్‌లో పర్వాలేదు, గట్టిగా పెడితే దాని స్పీకర్ పోవచ్చు. కాకినాడ, వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి. స్ట్రాప్ పొడవు కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బేస్ ఒకే ఎత్తులో ఉండేలా సరిచేసుకోండి, మోకాళ్ళ దాకా వేలాడదీస్తే చూడ్డానికి బాగుంటుంది, మణికట్టు మాత్రం విరిగినంత వంగుతుంది. వేలి కొసల్లో మంట మామూలే, కీలులో గానీ మోచేతి దగ్గర గానీ నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకి ఆపెయ్యండి.

మొదటి పాటగా ఏది తీసుకోవాలి అని కూడా అడుగుతారు. మీకు నోటికి పూర్తిగా వచ్చిన పాట, నిదానంగా నడిచేది, అందులో కార్డ్స్ నాలుగుకి మించకుండా ఉండాలి. దాన్ని ఒక్కో స్వరంతో మొదలు నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా వాయించి, ఆ పాటతో పాటు ఫోన్‌లో రికార్డ్ చేసి, తేదీ వేసి దాచుకోండి. తప్పులున్నా సరే తుడిచేయకండి. రెండు నెలలయ్యాక అదే పాట మళ్ళీ రికార్డ్ చేసి రెండూ ఇయర్‌ఫోన్స్‌లో పక్కపక్కన వినండి.